వేబ్యాక్ మెషీన్: పోయిందనుకున్న తెలుగు పేజీని వెతికి పట్టుకోవడం

ఆర్కైవ్ డాట్ ఆర్గ్ పేరు చెబితే తెలుగు పాఠకుడికి ముందు తట్టేది స్కాన్ చేసిన పాత పుస్తకాలు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రతులు అక్కడికి చేరాక, అంగట్లో దొరకని శతకమో నిఘంటువో కావాలంటే నేరుగా అక్కడికే వెళ్తున్నాం. అదే ఇంట్లో ఇంకో గది ఉంది. పేరు వేబ్యాక్ మెషీన్. అందులో దాచేది వెబ్ పేజీల్ని: ఫలానా సైటు ఫలానా రోజున ఎలా ఉందో అలాగే. పుస్తకాల కోసం వెళ్ళేవాళ్ళలో చాలామంది ఈ గది తలుపు తట్టరు. తట్టినవాళ్ళు కూడా ఒకసారి వెతికి, దొరకలేదని వెనక్కి వచ్చేస్తారు. చాలాసార్లు పేజీ అక్కడే ఉంటుంది, వెతికిన తీరులోనే తేడా ఉంటుంది.

బ్రూస్టర్ కేల్ 1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టిన ఇంటర్నెట్ ఆర్కైవ్ లాభాపేక్ష లేని సంస్థ. ఆ ఏడాది నుంచే పేజీలు పోగుచేస్తూ వచ్చి, 2001 అక్టోబరులో వేబ్యాక్ మెషీన్‌ను అందరికీ తెరిచారు. 2025 అక్టోబరు నాటికి దాచిన పేజీల లెక్క లక్ష కోట్లకు చేరింది. చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా కూడా అక్కర్లేదు. తెలుగు వెబ్ పాత సంగతులు వెతికేవాళ్ళకు దీనికి సాటి వచ్చే పనిముట్టు ఇంకోటి లేదు. అయితే ఇది తెలుగు కోసం కట్టింది కాదు. మన బ్లాగుల చిరునామాల తీరు వేరు, మన పాత ఫాంట్ల గొడవ వేరు. ఆ రెండూ తెలిస్తేనే ఇది పూర్తిగా చేతికొస్తుంది.

మొదటి సంగతి, ఇది గూగుల్ లాంటిది కాదు. వెతుకు పెట్టెలో మాటలు కొడితే పేజీల లోపలి పాఠంలో వెతకదు. సైట్ల గురించి ఇతర లంకెల్లో వాడిన మాటల ఆధారంగా కొన్ని సైట్ల పేర్లు మాత్రం చూపిస్తుంది. తెలుగు మాటలతో వెతికితే దాదాపు ఏమీ రాదు. కావలసింది చిరునామా. అది తెలియకపోతే ముందు దాన్ని సంపాదించాలి: తెలుగు వికీపీడియా వ్యాసం కింది మూలాల్లో, పాత బ్లాగుల పక్కపట్టీల్లో, వ్యాఖ్య రాసినవాళ్ళ పేర్ల వెనక ఉన్న లంకెల్లో. అన్నిటికన్నా మంచి గని పాత సంకలినులు, అంటే ఎన్నో బ్లాగుల కొత్త రాతల్ని (టపాల్ని) ఒకచోట చూపించిన సైట్లు. కూడలి, జల్లెడ, హారం లాంటి వాటి మొదటి పేజీల్ని ఆ రోజుల తేదీలతో తెరిస్తే, అప్పుడు రాస్తున్నవాళ్ళ టపాల లంకెలు వరసగా కనిపిస్తాయి. అక్కడి నుంచి ఒక్కో బ్లాగుకు వెళ్ళొచ్చు.

చిరునామా అతికించగానే పైన ఏడాదుల వారీ పట్టీ, కింద క్యాలెండరు వస్తాయి. తేదీల చుట్టూ రంగు చుక్కలుంటాయి. నీలం అంటే పేజీ సరిగ్గా దొరికింది. ఆకుపచ్చ అంటే ఆ రోజు ఆ చిరునామా ఇంకో చోటికి మళ్ళించింది. నారింజ అంటే ‘పేజీ లేదు’ లాంటి పొరపాటు, ఎరుపు అంటే ఆ సైటు సర్వరే పడిపోయి ఉంది. చుక్క పెద్దదైతే ఆ రోజు ఎక్కువసార్లు తీశారని అర్థం. ముందు నీలం చుక్కలే చూడాలి. ఆకుపచ్చను నొక్కి ఎటో వెళ్ళిపోయి, పేజీ లేదని అనుకోవడం అందరూ చేసే పొరపాటు.

దాచిన ఒక్కో ప్రతి చిరునామాలోనూ 14 అంకెల సంఖ్య ఉంటుంది: ఏడాదికి నాలుగు, నెల, రోజు, గంట, నిమిషం, సెకనుకు రెండేసి. 20081027063000 అంటే 2008 అక్టోబరు 27, ఉదయం ఆరున్నర. ఇది గ్రీన్‌విచ్ సమయం. మన గడియారానికి అయిదున్నర గంటలు కలపాలి, అంటే ఆ రోజు మధ్యాహ్నం 12. ఈ లెక్క కొన్నిచోట్ల తేదీనే మార్చేస్తుంది. 20140601190000 అని ఉన్న ప్రతిని చూసి జూన్ 1 నాటిదని రాసేస్తే తప్పు. హైదరాబాదులో అప్పటికి జూన్ 2, అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర, తెలంగాణ రాష్ట్రం వచ్చేసింది.

ఆ సంఖ్య మొత్తం ఇవ్వక్కర్లేదు కూడా. చిరునామాలో దాని చోట 2009 అని మాత్రం పెడితే దానికి దగ్గరలో ఉన్న ప్రతికి తనే తీసుకెళ్తుంది. ఈ ‘దగ్గరలో’ అన్నదే మేలూ, ప్రమాదమూ. 2007 నాటి పేజీ చదువుతూ అందులోని లంకె నొక్కితే, ఆ రెండో పేజీకి 2007 ప్రతి లేకపోతే 2013దైనా తెచ్చి చూపిస్తుంది. పైనున్న పట్టీలో తేదీ మారుతుంది, అంతే. గట్టిగా హెచ్చరించదు. ఒకే పేజీలో బొమ్మలు ఒక ఏడాదివి, పాఠం ఇంకో ఏడాదిదీ కావడం కూడా మామూలే. పట్టీలో కుడివైపున్న ‘ఈ ప్రతి గురించి’ అనే లంకె నొక్కితే, పేజీలోని ఒక్కో భాగం అసలు పేజీ సమయానికి ఎంత ముందో, ఎంత వెనకో చూపిస్తుంది. తేదీ ఆధారంగా ఏదైనా వాదించబోతుంటే ఇది చూడకుండా ముందుకు పోకూడదు. ఇంకో మాట: మొదటి ప్రతి తేదీ పేజీ పుట్టిన తేదీ కాదు. యంత్రం దాన్ని మొదటిసారి చూసిన తేదీ.

ఈ సేవలో అన్నిటికన్నా పనికొచ్చేదీ, తక్కువమంది వాడేదీ నక్షత్రం గుర్తు. సైటు చిరునామా చివర ఏటవాలు గీత పెట్టి, దాని పక్కన నక్షత్రం పెడితే ఆ సైటులో దాచిన చిరునామాలన్నీ పట్టికగా వస్తాయి, గరిష్ఠంగా 10,000. ప్రతి వరసలో ఫైలు రకం, మొదటి ప్రతి, చివరి ప్రతి, మొత్తం ఎన్ని, అందులో వేరువేరుగా ఉన్నవి ఎన్ని అనేవి ఉంటాయి. కుడివైపు పైన జల్లెడ పట్టే పెట్టె ఉంది. అందులో ఇంగ్లిష్‌లో పీడీఎఫ్ అని కొడితే సైటులోని పీడీఎఫ్‌లే మిగులుతాయి. పత్రిక సైటు ఎప్పుడో మూతపడినా, సంచికల పీడీఎఫ్‌లు ఇలా బయటపడే అవకాశం ఉంది.

తెలుగు బ్లాగుల దగ్గరికి వచ్చేసరికి ఈ పట్టిక ఒక చిక్కు తెస్తుంది. బ్లాగర్ వేదిక చిరునామా తయారుచేసేటప్పుడు తెలుగు అక్షరాల్ని వదిలేస్తుంది. శీర్షిక మొత్తం తెలుగే అయితే మిగిలేది ‘బ్లాగ్-పోస్ట్’, ఆ పక్కన ఒక అంకె. అందుకే వందల టపాలు అంకె తేడాతో ఒకేలా కనిపిస్తాయి, ఏది ఏ టపానో చెప్పలేం. దీనికి దారి నెలవారీ పేజీలు. పాత బ్లాగర్ చిరునామాల్లో ఏడాది, నెల, 01, ఆ తర్వాత ‘ఆర్కైవ్’ అని ఉండే పేజీలుంటాయి. పట్టికలో ఆ మాటతో జల్లెడ పడితే నెలకొకటి చొప్పున తేలతాయి. ఒక్కోదాంట్లో ఆ నెల టపాలు వరసగా ఉంటాయి. టపాకు విడిగా ప్రతి లేకపోయినా ఇందులో పాఠం దొరకొచ్చు. వ్యాఖ్యలు మాత్రం రావు. అవి టపా సొంత పేజీలోనే ఉంటాయి.

అదీ కుదరకపోతే బ్లాగు ఫీడు, అంటే కొత్త టపాల్ని వరసగా అందించే ఫైలు, చూడాలి. బ్లాగర్ ఫీడులో మామూలుగా చివరి 25 టపాలు, వర్డ్‌ప్రెస్ ఫీడులో చివరి 10 ఉంటాయి. రాసినవాళ్ళు పూర్తి పాఠం ఇచ్చేలా అమర్చి ఉంటే, ఫీడు ప్రతి ఒక్కటి దొరికినా అందులోని టపాలన్నీ దొరికినట్టే.

చివర ‘డాట్ ఇన్’ ఉన్న బ్లాగ్‌స్పాట్ లంకెల (బ్లాగర్ బ్లాగుల చిరునామాల) గురించి విడిగా చెప్పాలి. 2012 నుంచి గూగుల్ మన దేశంలో తెరిచిన బ్లాగుల్ని ఆ చిరునామాకు మళ్ళించింది. దాంతో ఆ రోజుల్లో మనవాళ్ళు పంచుకున్న లంకెల్లో ఎన్నో దానితోనే ఉన్నాయి. తర్వాత ఆ పేరు గూగుల్ చేతి నుంచి జారిపోయింది, లంకెలన్నీ చచ్చాయి. బ్లాగులు చావలేదు. ‘డాట్ ఇన్’ తీసి ‘డాట్ కామ్’ పెడితే అసలు టపాయే తెరుచుకోవచ్చు, వేబ్యాక్ అవసరమే రాదు. అక్కడా లేకపోతే అప్పుడు వేబ్యాక్‌లో రెండు రూపాలతోనూ విడివిడిగా వెతకాలి. ఒకదానిలో లేని ప్రతి ఇంకోదానిలో ఉండొచ్చు.

వర్డ్‌ప్రెస్ వాళ్ళ చిరునామాల తీరు బ్లాగర్‌కు తలకిందులు. అక్కడ తెలుగు శీర్షిక చిరునామాలోకి వస్తుంది, కానీ శాతం గుర్తులతో. తెలుగులో ఒక్కో సంకేతానికి, అంటే హల్లుకూ గుణింతపు గుర్తుకూ విడివిడిగా, తొమ్మిదేసి అక్షరాల చోటు పడుతుంది. వర్డ్‌ప్రెస్ దీనికి పెట్టిన హద్దు 200 అక్షరాలు. అంటే 22 సంకేతాలు దాటిన శీర్షిక మధ్యలోనే తెగిపోతుంది. ఇంత పొడుగు లంకెలు మెయిళ్ళలో, చాట్లలో రెండు వరసలుగా విరిగి పనికిరాకుండా పోతుంటాయి. అలాంటిది చేతికొస్తే బాగుచేస్తూ కూర్చోవడం దండగ. ఏడాది, నెల వరకూ ఉంచి, మిగతాది కొట్టేసి, నక్షత్రం పెట్టి ఆ నెల పట్టిక తెరవడం మేలు.

ఇక ఫాంట్లు. 2000ల మొదట్లో తెలుగు దినపత్రికల సైట్లు, అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేతాల పద్ధతి అయిన యూనికోడ్‌లో లేవు. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక కూడా ఏళ్ళపాటు ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు నడిచింది. ఇంగ్లిష్, ఐరోపా అక్షరాల సంకేతాల చోట తలకట్లూ కొమ్ములూ ఒత్తులూ ముక్కలుగా కూర్చి పేజీ నింపేవారు. వేబ్యాక్ ఆ పేజీని ఉన్నదున్నట్టే దాచింది. మనకు మాత్రం నెత్తిన చుక్కలూ గీతలూ ఉన్న ఐరోపా అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. ఇది చూసి ఫైలు పాడైందనుకుంటారు. పాడవలేదు, ఫాంటు లేదు, అంతే.

చేయాల్సింది ఇది. పేజీ సోర్సు (పేజీ వెనకున్న కోడు) తెరిచి, ఫాంటు పేరు ఏమని రాసి ఉందో చూడాలి. తర్వాత ఆ సైటుకు నక్షత్రం పట్టిక తెరిచి ‘టీటీఎఫ్’ అని జల్లెడ పట్టాలి. పాఠకులు దించుకోవడానికి పత్రిక పెట్టిన ఫాంటు ఫైలు కూడా ప్రతుల్లో ఉంటే అక్కడ తేలుతుంది. దాన్ని కంప్యూటర్లో స్థాపించి, బ్రౌజర్ మూసి తెరిచి, పేజీ మళ్ళీ తీస్తే తెలుగు కనిపించాలి. ‘ఈవోటీ’ అని ఉన్న ఫైళ్ళు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం, ‘పీఎఫ్ఆర్’ అని ఉన్నవి నెట్‌స్కేప్ కోసం చేసినవి. ఇప్పటి బ్రౌజర్లలో రెండూ పనికిరావు. అక్షరాల బదులు ప్రశ్న గుర్తున్న నల్ల డైమండ్లు వస్తుంటే మాత్రం అది ఫాంటు లోపం కాదు, బ్రౌజర్ అక్షర సంకేతాల్ని తప్పు పద్ధతిలో చదవడం, అంటే ఎన్‌కోడింగ్ పొరపాటు. ఫైర్‌ఫాక్స్ వ్యూ మెనూలో పాఠం ఎన్‌కోడింగ్ సరిచేసే ఎంపిక ఉంది, అది వాడాలి.

పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలంటే ఫాంటుకు తగ్గ మార్పిడి పట్టిక కావాలి. ఒకప్పుడు ఫైర్‌ఫాక్స్‌కు పద్మ అనే పొడిగింత (ఎక్స్‌టెన్షన్) ఇందుకోసమే వచ్చింది. ఈనాడు, వార్త లాంటి పత్రికల ఫాంట్లను గుర్తుపట్టి చూస్తుండగానే యూనికోడ్ చేసేది. ఏ మార్పిడి పరికరం వాడినా ఫాంటు పేరు సరిగ్గా ఎంచుకోవాలి. తప్పు పట్టికతో మారిస్తే సగం మాటలు సరిగ్గానే వచ్చి నమ్మిస్తాయి, ఒత్తులూ దీర్ఘాలూ మాత్రం చోటు తప్పుతాయి. ఇంకో మెలిక ఉంది. కొన్ని ఫాంట్లు 160, 173 సంకేతాలను కూడా అక్షరం ముక్కలకు వాడుకున్నాయి. బ్రౌజర్ల దృష్టిలో అవి విడదీయని ఖాళీ, కనిపించని అడ్డగీత. తెర మీద నుంచి నకలు తీస్తే అవి జారిపోతాయి, ఆ అక్షరం ఉన్న ప్రతి మాటా విరుగుతుంది. అందుకే నకలు సోర్సులోంచి తీయాలి. ఇంకా మంచిది, చిరునామాలో 14 అంకెల వెంటనే చిన్న ‘ఐ’, ‘డి’, అండర్‌స్కోర్ చేర్చి తెరవడం. అప్పుడు వేబ్యాక్ తన పట్టీ, తన లంకెల మార్పులు ఏవీ కలపకుండా దొరికిన ఫైలును దొరికినట్టు ఇస్తుంది.

అంతకు ముందు తరం తెలుగు చర్చలు ఆర్‌టీఎస్‌లో, అంటే ఇంగ్లిష్ అక్షరాల్లోనే నడిచాయి. అవి ఏ ఫాంటూ లేకుండా చదవొచ్చు. లేఖిని అనే సైటులో అతికిస్తే తెలుగు లిపిలోకి వస్తాయి. ఎంత ముందుచూపున్న పద్ధతో ఇప్పుడు తెలుస్తోంది.

ప్రభుత్వ సైట్లకు వేబ్యాక్ ఒకచోట అక్కరకొస్తుంది, ఇంకోచోట చేతులెత్తేస్తుంది. 2014 విభజన, 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్విభజన, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు: ప్రతిసారీ సైట్లు మారాయి. పాత జిల్లాలో ఏ మండలాలుండేవో చెప్పే మామూలు పేజీలు ‘నిక్ డాట్ ఇన్’తో ముగిసే పాత జిల్లా చిరునామాల కింద వెతకొచ్చు. జీవోల్లాంటివి వేరు. శాఖ, తేదీ ఎంచుకుని బటన్ నొక్కితే వచ్చే పత్రాలు యంత్రానికి అందవు. అది లంకెల వెంట నడుస్తుంది కానీ ఫారాలు నింపదు. ఆ పత్రానికి నేరుగా లంకె ఎవరైనా ఎక్కడైనా ఇచ్చి ఉంటేనే ప్రతి ఉండే ఆశ. అందుకే జీవో గురించి రాసేవాళ్ళు ఆ పీడీఎఫ్ లంకెను తామే దాచిపెట్టాలి.

దాచడం తేలిక. ‘సేవ్ పేజ్ నౌ’ పెట్టెలో చిరునామా అతికించి నొక్కితే ఒకటి రెండు నిమిషాల్లో శాశ్వత లంకె వస్తుంది. ఉచిత ఖాతాతో లోపలికి వెళ్తే ఇంకొన్ని ఎంపికలు తెరుచుకుంటాయి: పేజీలోని లంకెల్ని కూడా దాచడం, తెరపటం తీయడం, మీ సొంత జాబితాలో చేర్చుకోవడం. బ్లాగు నెలవారీ పేజీ పెట్టి, బయటి లంకెలు దాచే ఎంపిక ఎంచుకుంటే ఒక్క దెబ్బకు ఆ నెల టపాలూ వస్తాయి. వచ్చిన లంకెను వేరే బ్రౌజర్లో తెరిచి, కింది వరకూ జరిపి చూడాలి. దాచానని అది చెప్పినా లోపల ఉన్నది ‘మీరు మనిషేనా’ అని అడిగే తనిఖీ పేజీ కావొచ్చు. కిందికి జరిపితేనే వచ్చే బొమ్మలు ఎగిరిపోయి ఉండొచ్చు. ఒకే చిరునామాను వెంటవెంటనే దాచనివ్వదు, కాసేపు ఆగమంటుంది. ఒకదాని వెంట ఒకటి గబగబా తెరిచినా అభ్యర్థనలు ఎక్కువయ్యాయని తలుపు మూస్తుంది. నిదానంగా పోవాలి. ఇక్కడ దాచింది లోకమంతా చూస్తుందని గుర్తుంచుకుని, ఫోన్ నంబర్లున్న పేజీలనూ, రహస్య లంకెతో పంచుకున్న పత్రాలనూ అసలు పెట్టకూడదు.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ విషయంలో దీని మీద ఆశ పెట్టుకోవద్దు, చాలాసార్లు లాగిన్ పేజీయే దాస్తుంది. వీడియోలదీ, పత్రికల ఈపేపర్లదీ అదే కథ. వీటికి వెబ్‌రికార్డర్ వాళ్ళ ఆర్కైవ్‌వెబ్ డాట్ పేజ్ అనే బ్రౌజర్ పొడిగింత సరైనది. మీరు లాగిన్ అయి పేజీ చూస్తుంటే, చూసినదంతా మీ కంప్యూటర్లో ఫైలుగా చేరుతుంది. తర్వాత నెట్ లేకుండా కూడా తెరవొచ్చు. ఒక్క వ్యాసం చాలనుకుంటే సింగిల్‌ఫైల్ పొడిగింత బొమ్మలతో సహా ఒకే ఫైలు చేస్తుంది. ఈ రెంటికీ లోటు ఒక్కటే: ఫైలు మీ దగ్గర ఉంటుంది కాబట్టి మీరు దాన్ని మార్చలేదని ఎదుటివాళ్ళు నమ్మాలి. వేబ్యాక్ లంకె మూడో మనిషి సాక్ష్యం.

వేబ్యాక్ అయినా ఎప్పటికీ ఉంటుందని భరోసా లేదు. 2017 ఆగస్టులో సినిమా పైరసీ కేసులో మద్రాసు హైకోర్టు ఉత్తర్వు వల్ల మన దేశంలో ఆ సైటు మొత్తం కొన్నాళ్ళు తెరుచుకోలేదు. 2024 అక్టోబరులో దాడి జరిగి 3 కోట్ల 10 లక్షల ఖాతాల వివరాలు బయటపడ్డాయి, సేవ రోజుల తరబడి ఆగింది. ఖాతా తెరిచేవాళ్ళు వేరెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టుకోవాలి. సైటు యజమాని కోరితే పాత ప్రతులు కనిపించకుండా తీసేస్తారు కూడా, ‘ఈ చిరునామాను మినహాయించాం’ అన్న ఒక్క వాక్యం మిగులుతుంది. కాబట్టి ముఖ్యమైన ప్రతి దొరికిన రోజే దించుకోవాలి.

గడువు తీరిన డొమైన్ల విషయంలో ఒక జాగ్రత్త. పాత సాహిత్య సైటు చిరునామా జూద సైట్ల చేతికి పోయి ఉంటే, కొత్త ప్రతుల నిండా ఆ ప్రకటనలే ఉంటాయి. మారిన రోజు పట్టుకోవడానికి, ఒక చిరునామాకున్న ప్రతులన్నిటి వివరాలిచ్చే సీడీఎక్స్ అనే జాబితా వేబ్యాక్ దగ్గర ఉంది. ప్రతి వరసలో తేదీ, ఫైలు రకం, స్థితి, పొడవు, పాఠం వేలిముద్ర లాంటి ఏడు గడులుంటాయి. వేలిముద్ర వరసగా ఒకేలా ఉంటే పేజీ మారలేదు. పొడవు ఉన్నట్టుండి పెరిగో తరిగో కనిపించిన చోట ఆగి, దానికి ముందున్న ప్రతిని తెరవాలి. మీకు కావలసిన సైటు అక్కడ ఉంటుంది. ఆ లంకెను తెలుగు వికీపీడియాలో చచ్చిన మూలం పక్కన చేర్చితే, తర్వాత వెతికేవాళ్ళకు ఈ తవ్వకం మళ్ళీ చేసే పని తప్పుతుంది.